అడవిలో ఒక రాత్రికి చోటు



కార్తీక మాసం వచ్చిందంటే మన బెజవాడలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ వనభోజనాల సందడి మొదలవుతుంది. ఉసిరి చెట్టున్న తోట ఎక్కడుందో వాకబు చేస్తాం. వంటవాళ్లను మాట్లాడుకుంటాం. పొద్దున్నే వెళ్లి, దీపాల వేళకు ఇల్లు చేరతాం. ఈ మధ్య కొన్నేళ్లుగా దీనికి తోడు మరో కోరిక వినబడుతోంది. పగలు గడిపి వచ్చేయడం చాలదు, ఒక్క రాత్రి అడవిలోనే ఉండాలి, డేరా వేసుకుని పడుకోవాలి, పిల్లలకు నగరంలో కనిపించని చుక్కలు చూపించాలి, పిట్టల కూతలకు నిద్ర లేవాలి అని. చాలా మంచి కోరిక. అది తీరాలంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎక్కడ? ఈ పూట మీతో దాని గురించే మాట్లాడతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామంది మంచి చోటు అనగానే జనం జాడ లేని చోటు కోసం వెతుకుతారు. నేను మాత్రం మూడు సంగతులు చూడమంటాను. అక్కడ రాత్రి ఉండటానికి మనకు అనుమతి ఉండాలి. ఆ అడవిని పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనుషులు పిలుపు దూరంలో ఉండాలి. మనం వేసే డేరా వల్ల ఆ నేలకు గానీ, నేల మీద బతికే ప్రాణులకు గానీ చేటు కలగకూడదు. ఈ మూడూ కుదిరాకే అందం సంగతి. ఈ మూడూ కుదిరిన చోట అందానికి కొదవ ఉండదు కూడా.

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మనకు అడవి కాస్త దూరపు చుట్టమే. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. ఆ పాత ఆనకట్ట పని ఇప్పుడు చేస్తున్నది 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ. కాలువ నీళ్లు పారిన మేరా వరి చేలయ్యాయి. గట్ల మీద తుమ్మలూ తాటిచెట్లూ, ఊరి చివర తోటలూ తప్ప డెల్టా నడిబొడ్డున అడవి అనదగ్గది మిగల్లేదు. కాబట్టి మనం అడవి కోసం డెల్టా అంచుల దాకా వెళ్లాలి. అటు కొండల వైపు పోవాలి, లేదా ఇటు సముద్రం ఒడ్డుకు పోవాలి.

అన్నిటికన్నా దగ్గరిది కొండపల్లి. నగరం దాటి ఇబ్రహీంపట్నం చేరితే చాలు, కొండలు ఎదురవుతాయి. రెడ్డిరాజుల కాలం నాటి కోట పైనుంటే, కింద ఊళ్లో బొమ్మలు చెక్కేవాళ్లుంటారు. ఆ బొమ్మలకు కావలసిన తేలికైన తెల్లపొణికి కర్రకు పుట్టిల్లు ఈ కొండల అడవే. హైదరాబాద్ రోడ్డు పక్కన మూలపాడు దగ్గర అటవీ శాఖవారి సీతాకోకచిలుకల పార్కు ఉంది. వానలు వెనకబట్టాక అక్కడ ఒక ఉదయం నడిస్తే, ఇంత దగ్గర్లో ఇంత అడవి ఉందా అని ఆశ్చర్యం కలుగుతుంది. అయితే ఇది ప్రధానంగా పగటి అడవి. రిజర్వు అడవి కనుక రాత్రి ఉంటామంటే అటవీ శాఖ అనుమతి కావాలి. కొత్తవాళ్లు దీన్ని సాధన కోసం వాడుకోవాలని నా సలహా. మూట వీపున వేసుకుని ఎంత దూరం నడవగలం, పిల్లలు ఎక్కడ అలసిపోతారు, మన బూట్లు రాళ్ల దారికి ఆగుతాయా అనేవి ఇక్కడ ఒక పూటలో తెలిసిపోతాయి.

మొదటి రాత్రి మాత్రం అడవిలో కాకుండా తోటలో గడపమంటాను. నూజివీడు, మైలవరం ప్రాంతాల మామిడి తోటలు ఇందుకు చక్కగా సరిపోతాయి. తోట యజమాని ఒప్పుకుంటే చాలు. బావి ఉంటుంది, కాపలా మనిషి ఉంటాడు, పిలిస్తే పలికే దూరంలో ఊరు ఉంటుంది. ఒక్క జాగ్రత్త. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామిడి పూత కాలం. పూత నిలవడానికి మందులు కొడతారు. ఎప్పుడు కొట్టారో, మళ్లీ ఎప్పుడు కొడతారో అడక్కుండా చెట్ల కింద పక్క వేయకండి.

ఇక సముద్రం వైపు. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ పాయలుగా చీలి దివిసీమను కౌగిలించుకుని సముద్రంలో కలుస్తుంది. నాగాయలంక, సొర్లగొంది, హంసలదీవి ప్రాంతాల్లో మడ అడవులున్నాయి. 1989లో ప్రకటించిన కృష్ణా అభయారణ్యం సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించింది. చేపలు పట్టి తినే బావురుపిల్లికి అది నిలయం. చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకు వచ్చి గాలి పీల్చుకునే ఆ అడవిని తప్పకుండా చూడాలి. కానీ పగటిపూటే చూడాలి. అటవీ శాఖ అనుమతితో, అక్కడి జాలర్ల పడవలో వెళ్లి రావాలి. డేరాకు అది తావు కాదు. రోజుకు రెండు సార్లు పోటు వస్తుంది. మధ్యాహ్నం గట్టిగా కనిపించిన నేల రాత్రికి నీళ్లలో ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన ఎలా వచ్చిందో మన పెద్దలను అడగండి. ఆ తీరంలో పక్క వేసే ముందు ఆ మాట గుర్తుండాలి.

అసలైన అడవిలో, డేరాలో, క్షేమంగా ఒక రాత్రి గడపాలంటే మన ప్రాంతంవాళ్లకు రెండు దిక్కులున్నాయి. ఒకటి నల్లమల, రెండోది మారేడుమిల్లి.

నల్లమలకు గుంటూరు, వినుకొండ, దోర్నాల మీదుగా పోతాం. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అక్కడిదే. 1983లో పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. ఇంత పెద్ద అడవిలో మనం ఎక్కడ పడితే అక్కడ ఆగలేం, ఆగకూడదు కూడా. అందుకే అటవీ శాఖ బైర్లూటిలోనూ పచ్చర్లలోనూ జంగిల్ క్యాంపులు ఏర్పాటు చేసింది. బైర్లూటి ఆత్మకూరు–దోర్నాల దారిలో వస్తుంది. పచ్చర్ల గిద్దలూరు–నంద్యాల దారిలో వస్తుంది. తినడానికీ పడుకోవడానికీ ఏర్పాట్లుంటాయి. అడవిలోకి తీసుకెళ్లేది అక్కడి చెంచులే. దోర్నాల–శ్రీశైలం రోడ్డు మీద తుమ్మలబైలు దగ్గర జీపు సఫారీ ఉంది. ఆ రోడ్డును రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. రాత్రి అడవి జంతువులది కనుక. ఆ వేళలు చూసుకుని బయలుదేరాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులుల అడవుల్లో సందర్శన ఆపేస్తారన్నది కూడా గుర్తుంచుకోండి.

రెండోది మారేడుమిల్లి. విజయవాడ నుంచి రాజమహేంద్రవరం, అక్కడి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. మొత్తం సుమారు 240 కిలోమీటర్లు. నల్లమల ఎండు అడవి. ఇది తడి అడవి. వెదురు పొదలు, వాగులు, మంచు దిగే ఉదయాలు. వనసంరక్షణ సమితుల ద్వారా స్థానిక గిరిజనులు నడుపుకునే పర్యావరణ పర్యాటకానికి ఈ ఊరు పేరుపొందింది. వలమూరు దగ్గర వాగు ఒడ్డున జంగిల్ స్టార్ క్యాంపు ఉంది. మనం కట్టే డబ్బులో కొంత ఆ ఊళ్ల చేతికే అందుతుంది. అడవి నిలబడితేనే తమ బతుకు నిలబడుతుందని తెలిసిన మనుషులు మనకు ఆతిథ్యం ఇస్తారు. నా దృష్టిలో ఒక చోటు మంచిదనడానికి ఇంతకన్నా పెద్ద గుర్తు లేదు.

ఇక్కడ అనుమతి గురించి గట్టిగా చెప్పాలి. మ్యాపులో పచ్చగా కనిపించినదంతా మనం పడుకోదగ్గ చోటు కాదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చొరబడటం, నిప్పు రాజేయడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరాలు. అభయారణ్యమైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. జరిమానా భయంతో ఈ మాట చెప్పడం లేదు. చట్టం వెనుక ఒక న్యాయం ఉంది. ఎండు అడవిలో నీళ్లు కొన్ని గుంటల్లోనే మిగులుతాయి. చుట్టుపక్కల దుప్పులు, కణుతులు, అడవిపందులు, వాటి వెనక చిరుతలు అన్నీ చీకటి పడ్డాక అక్కడికే రావాలి. ఆ గుంట ఒడ్డున మనం ఒక డేరా వేసి, దీపం పెట్టి, పాటలు పెట్టామంటే అవన్నీ ఆ రాత్రి దాహంతో పొదల్లోనే నిలబడిపోతాయి. మనకు అది ఒక్క రాత్రి సరదా. ప్రతి శనివారం ఒక కొత్త కుటుంబం వస్తే ఆ గుంట వాటికి లేనట్టే.

ఎవరూ చూడరులే అని లోపలికి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఎవరూ చూడని చోట, ఆపద వచ్చినప్పుడు కూడా ఎవరూ చూడరు.

మజిలీకి చోటు ఎంచుకోవడం మనవాళ్లకు కొత్త విద్య కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పెద్ద పరివారంతో, డేరాలతో చేసిన ప్రయాణం అది. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర చదివితే, దారిలో ప్రతి మజిలీలో ఆయన చూసినవేమిటో తెలుస్తుంది. నీళ్లు ఎలా ఉన్నాయి, నీడ ఉందా, సరుకులు దొరుకుతాయా, దారి ఎలాంటిది. ఆయన నల్లమల కూడా ఎక్కాడు. ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలం చేరాడు. ఉగాదికి కాలినడకన మల్లన్న దగ్గరికి వచ్చే కన్నడ భక్తులు ఇప్పటికీ నడిచేది ఆ దారినే. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను. పేర్లు వినండి. రెండు పేర్లలో చెరువు, కొలను వినబడుతున్నాయి. తరతరాల యాత్రికులు నీటి జాడ పట్టుకుని మజిలీలు వేసుకున్నారు. అడవిలో చోటు వెతకడం అంటే మొదట నీళ్లు వెతకడమే.

అయితే నీళ్లు దగ్గర్లో ఉండాలి గానీ పక్కనే ఉండకూడదు. ఈ తేడా తెలియకే చాలా ప్రాణాలు పోయాయి.

వాగు పక్కన తెల్లని ఇసుక, మెత్తగా, చదునుగా, ముళ్లు లేకుండా ఉంటుంది. డేరా వేయమని పిలిచినట్టే ఉంటుంది. ఆ ఇసుకను అక్కడికి తెచ్చిపెట్టింది వరద అని మరిచిపోకండి. వాన మన నెత్తి మీద పడక్కర్లేదు. ఎగువ కొండల్లో పడితే చాలు. 2024 సెప్టెంబరు 1న మన విజయవాడకే ఈ సంగతి తెలిసింది. బుడమేరు వాగు ఎగువ కొండల నీళ్లు మోసుకొచ్చి కాలనీలకు కాలనీలను ముంచింది. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ గేట్ల గుండా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. అదే నెలలో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ఒక్కసారిగా నీరు పెరిగి, విహారానికి వచ్చిన వైద్య విద్యార్థుల్లో ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చదువుకున్న పిల్లలు, పట్టపగలు. మరి రాత్రి నిద్రలో ఉన్నవాళ్ల మాటేమిటి?

వాగు ఎంత ఎత్తుకు లేస్తుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఒడ్డున పొదలను చూడండి. కొమ్మల్లో ఎండుగడ్డి, పుల్లలు, పాత గుడ్డపీలికలు చిక్కుకుని వేలాడుతూ ఉంటాయి. వరద వాటిని అక్కడ వదిలిపెట్టి పోయింది. గడ్డి అంతా ఒకే వైపు పడుకుని ఉంటే అది ప్రవాహం తొక్కిన గడ్డి. చెట్ల మొదళ్ల మీద బురద చార ఎంత ఎత్తున ఉందో చూడండి. ఆ గుర్తులన్నిటికీ పైన, వాగుకు కనీసం 60 మీటర్ల దూరాన, అంటే పెద్దవాళ్ల నడకలో ఎనభై తొంభై అంగల అవతల చోటు చూసుకోండి. ఆ దూరం మనకు వరద నుంచి కాపుదల. నీళ్లకు వచ్చే జంతువులకు దారి. వాగుకు మన మురికి నుంచి రక్షణ. కాలకృత్యాలకు కూడా అంతే దూరంలో జానెడు లోతు గుంట తీసి, తర్వాత మట్టి కప్పెయ్యాలి.

దూరం కుదిరాక నేల సంగతి. డేరా మూట విప్పకముందే ఆ నేల మీద మోకాళ్లు వంచి కూర్చోండి. అరచేత్తో అంగుళం అంగుళం తడమండి. రేగుముళ్లు, వెదురు ముళ్లు, మొన తేలిన రాళ్లు చేతికి తగులుతాయి. ఒక్క వెదురు ముల్లు చాలు డేరా అడుగు చిరగడానికి. చీమల బారు ఎటు పోతోందో చూడండి. గుప్పెడు మట్టి తీసి నలపండి. నల్లరేగడి అయితే వాన చినుకు పడగానే జిగురై, మేకు నిలవదు, అడుగు లేవదు. ఎర్ర గరప నేల మంచిది, నీళ్లు ఇంకిపోతాయి. గుంట నేల ఎంత మెత్తగా ఉన్నా వద్దు. తర్వాత డేరా లేకుండానే ఆ చోట వెల్లకిలా పడుకుని చూడండి. కంటికి కనిపించని వాలు వీపుకు తెలుస్తుంది. తల ఎత్తు వైపు ఉండేలా డేరా తిప్పుకోండి. అడుగున పరిచే పట్టా డేరా అంచుకు బయటకు పొడుచుకు రాకూడదు. వస్తే వాన నీళ్లు దాని మీద పడి నేరుగా మన పక్క కిందికి చేరతాయి.

అలా పడుకున్నప్పుడే పైకి చూడండి. మన నెత్తి మీద ఏముంది? ఎండు కొమ్మ ఉంటే ఆ చోటు వదిలెయ్యండి. అది గాలి లేని రాత్రి కూడా విరిగి పడగలదు. తేనెపట్టు ఉందేమో చూడండి. కొండ తేనెటీగలు పొగకూ ఘాటైన సెంటు వాసనకూ రేగిపోతాయి. కొండ శిఖరం మీదా, మైదానంలో ఒంటరిగా నిలబడ్డ తాటిచెట్టు కిందా డేరా వద్దు. పిడుగు ఎత్తైనదాన్ని వెతుక్కుంటుంది. పిడుగు హెచ్చరికలకు దామిని అనే యాప్ ఉంది. బయలుదేరే ముందే ఫోన్‌లో పెట్టుకోండి.

చుట్టూ ఉన్న చెట్లు కూడా సంగతులు చెబుతాయి. ఇప్ప చెట్టు నీడ చల్లన. కానీ మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రంతా పువ్వు రాలుతుంది. ఎలుగుబంటికి అది మహా ప్రీతి. పూత కాలంలో ఇప్ప చెట్టు కింద పడుకోవడమంటే దాని పళ్లెం ముందు పడుకోవడమే. తునికి, రేగు, మేడి పళ్లు రాలే కాలంలో ఆ చెట్ల కింద కూడా అంతే. చెదపుట్టలు ఉన్నాయా, వాటిని ఈ మధ్య ఏదైనా తవ్విందా? తాజా మట్టి కనిపిస్తే ఎలుగు తిరిగే చోటని అర్థం. పుట్టల్లో పాములూ చేరతాయి. గడ్డిలో సన్నని కాలిబాట, దాని వెంబడి గిట్టల ముద్రలు, పెంటికలు కనిపిస్తే అది జంతువులు నీళ్లకు పోయే దారి. దానికి అడ్డంగా డేరా వేయకూడదు.

ఇవన్నీ పుస్తకం చదివి ఒక్కరోజులో పట్టుబడేవి కావు. అందుకే తెలిసిన మనిషి తోడు కావాలంటున్నాను. నల్లమలలో చెంచులు, మారేడుమిల్లి కొండల్లో కొండరెడ్లు. మనకు ఒకే పచ్చదనంగా కనిపించేది వాళ్లకు పేరుపేరునా తెలిసిన లోకం. కొండముచ్చు చెట్టు కొమ్మ మీంచి ఉన్నట్టుండి బొంగురుగా అరిస్తే మనం నవ్వుకుంటాం. వాళ్లు ఆగిపోతారు. అది చిరుతను గానీ పులిని గానీ చూసి పెట్టే కేక కావచ్చని వాళ్లకు తెలుసు. అలాంటి మనిషి ఇక్కడ వద్దు, అక్కడ వేసుకోండి అంటే ఎదురు ప్రశ్న వేయకుండా మూట ఎత్తండి. కుదిరినప్పుడు ఎందుకని అడిగి తెలుసుకోండి. అంతటి చదువు ఇంకెక్కడా దొరకదు. వాళ్లను పనివాళ్లలా కాకుండా గురువుల్లా చూడమని మీకు నా మనవి.

కాలం కూడా చోటులో భాగమే. మనకు అనువైన రోజులు డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. అంతకుముందు తుపాన్ల భయం. డిసెంబరులోనూ వాతావరణ సూచన చూడక తప్పదు. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. ఫిబ్రవరి దాటితే ఎండు అడవి ఆకు రాల్చుకుని నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. చలికాలంలో చల్లగాలి బరువెక్కి రాత్రికి పల్లంలోకి దిగుతుంది, మంచూ అక్కడే ఎక్కువ. అటు వాగు పల్లమూ కాకుండా, ఇటు కొండకొమ్మూ కాకుండా, మధ్యలో చదునుగా ఉన్న మెట్ట చూసుకోండి. వాకిలి తూర్పుకు పెట్టండి. పొద్దున్నే ఎండ లోపలికి వచ్చి డేరా ఆరుతుంది. చుక్కలు చూడాలంటే అమావాస్య దగ్గరి రోజులు, పిల్లలకు చీకటి భయమైతే పున్నమి దగ్గరి రోజులు. సంక్రాంతి సెలవుల్లో మారేడుమిల్లి జనంతో కిటకిటలాడుతుంది. వీలైతే వారం మధ్యలో వెళ్లండి.

చేరే వేళ మరీ ముఖ్యం. డిసెంబరులో సాయంత్రం అయిదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. చెట్ల కింద అంతకన్నా ముందే మసకబారుతుంది. నేను చెప్పిన పరీక్షలన్నీ వెలుతురులో చేయాల్సినవి. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకల్లా చోటు చేరుకునేలా ఇంటి దగ్గర బయలుదేరండి. ఆలస్యమైతే ఆ రాత్రి రంపచోడవరంలోనో, ఆత్మకూరులోనో ఆగిపోండి. చీకట్లో డేరా వేయకండి.

మంట గురించి. చలికాలం రాత్రి మంట చుట్టూ కూర్చోవాలని అందరికీ ఉంటుంది. క్యాంపు సిబ్బంది వేసే చోట, వాళ్లు వేసిన మంట దగ్గర మాత్రమే ఆ ముచ్చట తీర్చుకోండి. సొంతంగా నిప్పు వద్దు. అడవిలో పుల్ల విరవద్దు. తినుబండారాలు ఇంటి నుంచే తెచ్చుకోండి. పులిహోర, చపాతీలు, వేరుశనగ ఉండలు రెండు పూటలకు హాయిగా సరిపోతాయి. తిన్నాక మిగిలినవి డేరాలో పెట్టుకోకండి. వాసనకు అడవిపంది వస్తుంది, తెల్లారేసరికి కోతులు వస్తాయి. మూత గట్టి డబ్బాలో పెట్టి కారులో ఉంచండి. ప్లాస్టిక్ కవరు, సీసా, అరటి తొక్కతో సహా మీరు తెచ్చినదంతా మళ్లీ మీ సంచిలోనే ఊరు చేరాలి.

పాముల గురించి భయపడొద్దు గానీ తెలుసుకుని ఉండండి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద నిద్రపోయేవాళ్లను కాటేస్తే నొప్పి అంతగా తెలియదు. అందుకని ఆరుబయట చాప వేసుకుని పడుకోకండి. డేరా జిప్పు ఎప్పుడూ మూసి ఉంచండి. బూట్లు దులిపి తొడుక్కోండి. టార్చి లేకుండా అడుగు బయట పెట్టకండి. కాటు అనుమానం వస్తే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో, దగ్గరి ఆసుపత్రి ఎక్కడుందో వెళ్లగానే అడిగి పెట్టుకోండి. మారేడుమిల్లి లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా ఉంది కనుక దోమతెర తప్పదు. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగులు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేసుకోండి. తిరిగి వచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకు అడవికి వెళ్లొచ్చామని తప్పకుండా చెప్పండి.

ఇన్ని జాగ్రత్తలు విని, ఎందుకొచ్చిన గొడవ, ఇంట్లోనే ఉంటే పోలా అనుకునేవాళ్లుంటారు. అలా అనుకోవద్దు. వనభోజనాల సంప్రదాయం మనకు ఏడాదికి ఒక పగలైనా చెట్టు కింద గడపమని నేర్పింది. ఒక రాత్రి కూడా గడిపితే అడవి ఎవరిదో, అక్కడ మనం ఎంతటి అతిథులమో ఒంటికి పడుతుంది. ఆ ఎరుక ఉన్న పిల్లలు రేపు పెద్దయ్యాక ఒక కొండను తవ్వే ముందు, ఒక వాగును పూడ్చే ముందు ఆగి ఆలోచిస్తారు. బుడమేరు దెబ్బ తిన్న ఊరివాళ్లం మనం. అలాంటి పిల్లలు మనకు చాలా అవసరం.

అందుకని ఈ చలికాలం ప్రయత్నించండి. బయలుదేరే ముందు క్యాంపుకు గానీ, అక్కడి అటవీ రేంజి ఆఫీసుకు గానీ ఫోన్ చేసి అయిదు సంగతులు అడగండి. రాత్రి ఉండటానికి అనుమతి ఉందా? నీళ్లు ఎక్కడివి? వాగు ఎంత దూరం? రాత్రి తోడు ఎవరుంటారు? ఆపద వస్తే బండి ఎంతసేపట్లో రోడ్డెక్కుతుంది? ఈ అయిదింటికీ తిన్నగా జవాబు వచ్చిన చోటే మీ చోటు. ఒక్కదానికి సమాధానం రాకపోయినా, ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా, ఆ చోటు వదిలెయ్యండి. పొద్దుండగా చేరండి, నెమ్మదిగా మాట్లాడండి, మీరు ఉన్న గుర్తు లేకుండా చోటు ఖాళీ చేయండి.